చదివినవాళ్ల మాట

ఒకే పుస్తకాన్ని ఒకరు తలగడ పక్కన పెట్టుకుంటారు, ఇంకొకరు సగంలో మూసేస్తారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ‘మిథునం’ నుంచి ‘అంటరాని వసంతం’ దాకా తెలుగు పాఠకులు ఇచ్చిన తీర్పులు, కాలం గడిచాక మార్చుకున్న తీర్పులు, ఇప్పటికీ తెగని తగువులు... ఈ వారం ముఖచిత్ర కథనం.

శ్రీరమణ ‘మిథునం’ కథ చదివాక బాపు ఆ కథ మొత్తాన్నీ, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా, తన దస్తూరీలో తిరిగి రాసి రచయితకు పంపారు. ఆ ముత్యాల్లాంటి రాతలోనే అది అచ్చు కూడా అయింది. అందులో విశ్లేషణ లేదు, విశేషణాలు లేవు. నచ్చిన కథను తన చేత్తో ఇంకోసారి రాసుకోవడమే ఆయన చెప్పిన అభిప్రాయం. ఒక పాఠకుడు ఒక కథకు ఇంతకంటే పెద్ద కితాబు ఇవ్వగలడని నేననుకోను. తర్వాత ఆ కథ మలయాళం వెళ్లింది. ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లో ‘ఒరు చెరుపుంచిరి’గా తెరకెక్కించారు. 2012లో తనికెళ్ల భరణి తెలుగులో సినిమా తీశారు. వృద్ధ దంపతుల కథ ఇంత దూరం నడిచిందంటే, చదివినవాళ్లు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి అందిస్తూ పోవడం వల్లే.

అయితే అదే కథ మీద ఇంకో మాట కూడా చాలాకాలంగా వినిపిస్తోంది, ముఖ్యంగా ఆడవాళ్ల నుంచి. అప్పదాసు నోటి రుచీ, పెరటి పాదులూ, పూటకో వంటకమూ అన్నీ ముచ్చటే. కానీ ఆ వయసులో పొయ్యి ముందు నిలబడింది బుచ్చిలక్ష్మి కదా? ఆయన ముచ్చట ఆమె చాకిరీ మీద నడిచింది కదా? ఈ ప్రశ్న వేసినవాళ్లు కథలోని అందం తెలియనివాళ్లు కారు. చాలామంది ఆ కథ చదువుతూ కళ్లు తుడుచుకున్నవాళ్లే. తుడుచుకున్నాక, తమ ఇంట్లో అమ్మమ్మ నడుం పట్టుకుని లేవడం గుర్తొచ్చి ఆ ప్రశ్న వేశారు.

నాకు రెండు అభిప్రాయాలూ కావాలి. ఒకటి కథ లోపలి నుంచి చూసింది, రెండోది మన వంటింట్లోంచి చూసింది. ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదు. తెలుగులో పుస్తకాల మీద ఎన్నో సభలు జరుగుతాయి, దండలు వేస్తారు, దుశ్శాలువలు కప్పుతారు. ఆ సభల్లో ఈ రెండో గొంతు వినపడదు. పుస్తకాన్ని నిలబెట్టేది మాత్రం ఇంట్లో, బస్సులో, హాస్టల్ గదిలో నడిచే ఈ వాదులాటే. ఏ పుస్తకం మీద తగువు ఆగిపోయిందో ఆ పుస్తకం మెల్లగా బీరువా పైఅరకు చేరుకుంటుంది.

ఇందిర మీద ఆరు దశాబ్దాల తగువు

పాఠకుల తీర్పు ఎంతలా తిరగబడగలదో చూడాలంటే పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ చాలు. 1957-58లో గోరాశాస్త్రి సంపాదకత్వంలోని ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చిన నవల ఇది. రచయిత్రి డాక్టరు. 1961లో, ముప్పయ్యేళ్లు దాటిన కొద్దికాలానికే చనిపోయారు. ఆమె పేరు నిలబెట్టింది ఈ ఒక్క నవలే.

విశాఖపట్నంలో ఒక అద్దె ఇల్లు. అందులో ఇందిర, ఆమె సంపాదన మీద బతికే తండ్రి. మేడ మీద గదిలో వైద్యవిద్యార్థి ప్రకాశం. ఇందిరకు స్నేహితురాలు కల్యాణి. ఇందిర ఉద్యోగం చేస్తుంది, మగవాళ్లతో చనువుగా మాట్లాడుతుంది, తనకు కావలసింది తిన్నగా అడుగుతుంది, దొరక్కపోతే ఏడుస్తూ కూర్చోదు. కల్యాణి నెమ్మదస్తురాలు, కష్టాన్ని లోపలే దాచుకుంటుంది.

తొలితరం పాఠకులకు ఎవరు మంచి అమ్మాయో వెంటనే తెలిసిపోయింది. కల్యాణి. ఇందిర ఎదుటివాళ్లను వాడుకునే మనిషి, స్వార్థపరురాలు. పాత అభిప్రాయాలు చదివినా, ఆ రోజుల్లో ఈ నవల చదివిన పెద్దవాళ్లను కదిపినా ఈ మాటే వస్తుంది. 1980లు దాటాక, స్త్రీవాద సాహిత్యం చదువుకున్న తరం ఈ నవలను మళ్లీ చేతిలోకి తీసుకుంది. వాళ్లకు ఇందిర పూర్తిగా వేరే మనిషిగా కనపడింది. తండ్రి బాధ్యత మోసింది ఎవరు? మాట మీద నిలబడలేని ప్రకాశాన్ని ముందుగా గుర్తుపట్టింది ఎవరు? బతుకు ఎంత ఇరుకులో పెట్టినా తనను తాను జాలిగా చూసుకోనిది ఎవరు? ఇవాళ ఈ నవల గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది ఇందిర గురించే మాట్లాడతారు. ఒక్క అక్షరం మారలేదు. చదివే కళ్లు మారాయి.

నా మటుకు నేను ఇందిర పక్షమే. కానీ ఇప్పటి పాఠకులు ఆమెను మరీ ఆదర్శమూర్తిని చేసేస్తున్నారని కూడా అనిపిస్తుంది. శ్రీదేవి ఆమెకు ఏ మినహాయింపూ ఇవ్వలేదు. ఆమె మాటలోని కరుకుదనం, ఎదుటివాళ్ల బాధ పట్ల అప్పుడప్పుడూ చూపే నిర్లక్ష్యం కూడా రాశారు. ఇందిరను తిట్టినవాళ్లు ఆ కాగితాలు చదివారు, మెచ్చినవాళ్లు మిగతా కాగితాలు చదివారు. రెంటినీ కలిపి చదివితే దొరికే మనిషి ఇంకా పెద్దది. ఈ నవల ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది. అందులో కథ బాగా మారిపోయింది. నవల చదవకుండా ఆ సినిమా మాత్రమే చూసినవాళ్లకు ఇందిర పరిచయం కానట్టే.

పాత్ర మీద తీర్పు కాలంతో మారినట్టే, పాఠకుడి వయసుతోనూ మారుతుంది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ దీనికి మంచి ఉదాహరణ. 1940లలో పత్రికలో ‘ఏకాంతం’ పేరుతో మొదలై, తర్వాత ఈ పేరుతో పుస్తకమైంది. ఇరవై ఏళ్లప్పుడు చదివినవాళ్లకు దయానిధి తమ లోపలి మనిషిలాగే ఉంటాడు. తల్లి మీద పడ్డ మచ్చ అతన్ని వెంటాడుతూ ఉంటే, ఆ ఒంటరితనం తమదే అనుకుంటారు. వాక్యాల కింద గీతలు గీస్తారు. నలభై దాటాక మళ్లీ తెరిచినవాళ్లలో కొందరికి దయానిధి మీద విసుగు పుడుతుంది. ఇంతమంది ఆడవాళ్ల ప్రేమ అందుకుని ఎవరికీ ఏమీ ఇవ్వలేకపోయాడే అని కోమలి వైపు, అమృతం వైపు చూస్తారు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’కు దీనికి వ్యతిరేకంగా జరగడం గమనించాను. కుర్రతనంలో సీతారామారావును చూసి కోప్పడినవాళ్లే, నాలుగు దెబ్బలు తిన్నాక అతని దగ్గర ఆగి నిలబడతారు. ఒక పుస్తకం గురించి ఎవరైనా అభిప్రాయం చెబితే, ఎప్పుడు చదివారని అడగడం మంచిది.

అద్దె షాపుల న్యాయస్థానం

1960ల నుంచి 1980ల దాకా తెలుగు ఊళ్లలో వీధికొక అద్దె పుస్తకాల షాపు ఉండేది. అట్టలు ఊడి, దారంతో కుట్టి, మూలలు మడతలు పడ్డ నవలలు. రోజుకింత అని అద్దె. ఏ పుస్తకం అట్ట ఎంత నలిగిందో చూస్తే పాఠకుల అభిప్రాయం తెలిసిపోయేది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ కాపీ నలగకుండా ఉన్న షాపు ఒక్కటి కూడా నేను చూడలేదు.

విమర్శకులు ఈ నవలల్ని పట్టించుకోలేదు, పట్టించుకున్నప్పుడు తీసిపారేశారు. పొడుగ్గా, అందంగా, కారులో దిగే రాజశేఖరం లాంటి నాయకుడు ఆడపిల్లల బుర్రల్లో పగటికలలు నింపాడన్నది ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ నవలలు చదివిన ఆడవాళ్లు చెప్పే మాట వేరు. మా ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే రాజశేఖరం గురించి ఒక్క నవ్వు నవ్వి, జయంతి గురించి చెప్పడం మొదలుపెడతారు. ఆ పిల్ల ఉద్యోగానికి వెళ్లింది, డబ్బున్నవాడి ముందు తల వంచలేదు, అవమానం అనిపిస్తే లేచి వచ్చేసింది. ఇంటి గడప దాటి పని చేసుకునే అమ్మాయి కథకు మధ్యలో ఉండటం వాళ్లకు ముఖ్యం. మగ విమర్శకులకు నాయకుడు కనపడ్డాడు, ఆడ పాఠకులకు నాయిక కనపడింది. ఎవరు సరిగ్గా చదివారని నన్నడిగితే, రెండోవాళ్లే అంటాను. 1976లో సినిమా వచ్చినప్పుడు పుస్తకంలోని జయంతికీ తెరమీది జయంతికీ మధ్య తేడాల మీద ఇళ్లల్లో జరిగిన చర్చలకు లెక్కలేదు. ఆ చర్చ అంతా సాహిత్య విమర్శే. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు.

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ విషయంలో తగువు ఇంకా పదునైనది. 1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో వచ్చిన ఆ సీరియల్ కోసం జనం వారమంతా ఎదురుచూశారు. పసిపిల్ల మీద కాష్మోరా అనే క్షుద్రప్రయోగం. రాత్రి చదివి దీపం ఆర్పలేకపోయామని చెప్పేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. హేతువాదులు మూఢనమ్మకాలకు ఎరువు వేశారని మండిపడ్డారు. చేతబడి అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టిన ఊళ్లున్న నేల మనది. అందుకే ఆ కోపాన్ని చాదస్తం అని తోసిపుచ్చలేం. మరోవైపు, తాము మొట్టమొదట ఒక లావుపాటి పుస్తకం చివరిదాకా చదివింది ఆ నవలతోనేనని, అక్కడి నుంచే రావిశాస్త్రి, కొడవటిగంటి దాకా వెళ్లామని చెప్పేవాళ్లూ ఉన్నారు. పుస్తకం చేసిన మేలూ కీడూ ఒకే తరాజులో తూగవు. మేలు ఒక మనిషిలో జరుగుతుంది, కీడు ఇంకో మనిషిలో జరుగుతుంది. ‘తులసిదళం’ మీద నాది హేతువాదుల వైపే మొగ్గే అభిప్రాయం. అయినా దాని పట్టు ఎక్కడుందో ఏ కథకుడైనా నేర్చుకోవాల్సిందే.

రెండు శిబిరాలు, రెండు పుస్తకాలు

తెలుగు పాఠకులను రెండుగా చీల్చిన పుస్తకాల్లో చలం ‘మైదానం’, విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ముందుంటాయి. ఒక ఇంట్లో రెండూ ఉండటం ఒకప్పుడు అరుదు.

‘మైదానం’ చాలా ఇళ్లల్లో పాఠ్యపుస్తకాల మధ్య దాక్కుని బతికింది. రాజేశ్వరి భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోవడం ఒక తరానికి పిడుగుపాటు. ఆడదాని దేహానికీ మనసుకూ హక్కులున్నాయని అంత బాహాటంగా చెప్పినవాడు లేడని కొందరు, సంసారాలు కూల్చే పుస్తకమని ఇంకొందరు. తర్వాతి కాలంలో స్త్రీవాదులు వేసిన ప్రశ్న ఈ రెంటికంటే లోతైనది. రాజేశ్వరి ఒక మగవాడి ఇల్లు విడిచి ఇంకో మగవాడి ఇష్టాయిష్టాల్లోకే వెళ్లింది కదా, ఆమెకంటూ ఏం మిగిలింది అని. చలాన్ని ప్రేమించినవాళ్లే ఈ ప్రశ్న వేశారు. ఆ ప్రశ్న ‘మైదానం’కి చాలా ఏళ్ల ఆయువు పోసింది.

‘వేయిపడగలు’ది ఇంకో తీరు. ఆ మహా నవలను విశ్వనాథ 29 రోజుల్లో ఆశువుగా చెప్పి తమ్ముడి చేత రాయించారని ప్రసిద్ధి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. పి.వి. నరసింహారావు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. సుబ్బన్నపేట క్షీణించడం చూసి కన్నీళ్లు పెట్టుకునే పాఠకులు ఈనాటికీ ఉన్నారు. వర్ణవ్యవస్థను ధర్మమని నిలబెట్టిన నవల అని తీవ్రంగా ఎదిరించేవాళ్లూ ఉన్నారు. నేను ఎదిరించేవాళ్లలోనే ఉంటాను. ఊరు కూలిపోతున్నదని బాధపడ్డ ధర్మారావు ఆ ఊరి చివర వాడల్లో ఎవరున్నారో చూడలేదు. కానీ నాకు తెలిసిన చాలామంది ఎదిరించేవాళ్లు, కాస్త చనువు దొరికితే, పసిరిక గురించి, గిరిక నాట్యం గురించి ఒప్పుకోకుండా ఉండలేరు. ఆలోచన మింగుడుపడదు, వర్ణన మాత్రం విడిచిపెట్టదు. అలా ఒప్పుకోగలిగిన పాఠకుడి అభిప్రాయం మీద నాకు నమ్మకం ఎక్కువ.

వీటితో పోలిస్తే ‘మాలపల్లి’కి పడింది రాజు విధించిన శిక్ష. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవెల్లూరు జైల్లో కూర్చుని రాసిన ఈ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని దాని దారి పూర్తిగా సుగమం కాలేదు. పుస్తకం మీద ప్రభుత్వాల అభిప్రాయం ఎంత త్వరగా పాతబడుతుందో చెప్పడానికి ఈ ఒక్కటీ చాలు.

ముందుమాటే ఒక పుస్తకమైతే

అభిప్రాయం కూడా సాహిత్యం కాగలదని తెలుగువాళ్లకు చూపించింది చలం. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. దానికి చలం ‘యోగ్యతాపత్రం’ రాసింది 1940లో. కవితలకంటే ముందు ఆ పేజీలే నోటికొచ్చినవాళ్లున్నారు. అది పండితుడు వేసిన మార్కుల పట్టిక కాదు. కవిత్వం తగిలిన మనిషి కేక అది. ఎవరినీ మెప్పించాలన్న ఆలోచన లేదు, కవిని కూడా. ఇప్పటి ముందుమాటల్లో నాకు కనపడనిది అదే. పుస్తకం అట్ట తిప్పితే ముగ్గురు నలుగురు పెద్దల ఆశీస్సులుంటాయి, వాటిని ఏ పుస్తకానికైనా అతికించవచ్చు.

దీనికి రెండో చివర రారా ఉన్నారు. రాచమల్లు రామచంద్రారెడ్డి, కడప జిల్లా మనిషి, ‘సంవేదన’ పత్రిక నడిపినవారు. ఆయన రివ్యూ రాస్తున్నారంటే రచయితలు భయపడేవారని చెప్పుకుంటారు. కానీ మహీధర రామమోహనరావు ‘కొల్లాయిగట్టితేనేమి?’ నచ్చినప్పుడు ఆయన ఎంత నిండుగా, ఎంత ఓపిగ్గా మెచ్చుకున్నారో చూస్తే, కాఠిన్యం ఎందుకో అర్థమవుతుంది. మెప్పుకు విలువ ఉండాలంటే అది అందరికీ దొరకకూడదు. ఆయన ‘సారస్వత వివేచన’కు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. విమర్శను కూడా కథలాగా ఆత్రంగా చదివించిన పుస్తకం అది.

మా ఊరి మాటలో మా ఊరి కథ

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కథలు’ రాసినప్పుడు కోస్తా పాఠకుల్లో కొందరు మొదటి పేజీల్లో తడబడ్డారు. చిత్తూరు పల్లె మాట, యాస తగ్గించకుండా, ఎక్కడా వివరణ లేకుండా. రెండు కథలు దాటితే ఆ మాట దానంతట అదే చెవికెక్కింది. రాయలసీమ పాఠకుల సంగతి వేరు. తమ అమ్మ మాట్లాడే మాట అచ్చులో చూడటం వాళ్లకు అదే మొదలు. బడిలో తప్పని కొట్టించుకున్న మాటలే పుస్తకంలో గౌరవంగా కనపడితే ఆ మనిషికి కలిగే ధైర్యం ఏ విమర్శకుడూ కొలవలేడు. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ నెల్లూరు ప్రాంతపు ముస్లిం ఇళ్లకు ఇదే పని చేశాయి. పక్కింట్లో ఉంటూ పరిచయం లేని బతుకు మొదటిసారి తెలిసిందని చెప్పిన హిందూ పాఠకులు చాలామంది.

అంపశయ్య నవీన్ నవల గురించి ఇలాంటిదే ఇంకో ముచ్చట. 1969లో వచ్చిన ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు. సాహిత్యం చదువుకున్నవాళ్లు దాన్ని చైతన్యస్రవంతి అన్నారు, జేమ్స్ జాయిస్‌ను తలచుకున్నారు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చి అదే హాస్టల్లో మెస్సు బిల్లు గురించి, ఇంటి అప్పుల గురించి రాత్రంతా దొర్లిన కుర్రాళ్లకు జాయిస్ ఎవరో తెలియదు. ఇది నా డైరీ అన్నారు. రచయిత పేరుకు ముందు ఆ నవల పేరే ఇంటిపేరుగా స్థిరపడటంలో వాళ్ల వాటా ఎక్కువ.

డాక్టర్ కేశవరెడ్డి పుస్తకాలకు వచ్చినంత విభిన్నమైన స్పందన నేను తక్కువ చూశాను. చిత్తూరు జిల్లా మనిషి, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ బతుకంతా గడిపారు. ‘అతడు అడవిని జయించాడు’లో ఒక ముసలివాడు, తప్పిపోయిన చూలు పంది, ఒక రాత్రి అడవి. అంతే. చదివినవాళ్లు హెమింగ్వే సముద్రాన్ని గుర్తుచేసుకుంటారు. నేనైతే ఆ పోలిక లేకుండానే ఆ నవలను నిలబెడతాను. పందులు మేపే మనిషికి ఇంత హుందా ఇచ్చిన పుస్తకం తెలుగులో అంతకుముందు ఉందా అని వెతికితే నాకు దొరకలేదు. ఆ నవలను ఇష్టపడినవాళ్లే 2008లో ‘మునెమ్మ’ వచ్చినప్పుడు రెండుగా విడిపోయారు. భర్తను చంపినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లే మునెమ్మ శక్తి స్వరూపమని ఒకరు. తనను గొడ్డును బాదినట్టు బాదిన భర్త కోసం ఆమె చేత పగ తీర్పించడం ఏం న్యాయమని మరొకరు. పత్రికల్లో వ్యాసాలు నడిచాయి, జవాబులు వచ్చాయి, జవాబులకు జవాబులు వచ్చాయి. ఆ వాదంలో స్త్రీల ప్రశ్నలకు సరైన సమాధానం దొరికిందని నేననుకోను. అయినా ఒక చిన్న నవల మీద ఇంతమంది నెలల తరబడి పట్టుదలగా మాట్లాడుకోవడం తెలుగు సాహిత్యానికి పండగ.

సముద్రాల అవతలి పుస్తకాలు

మాలతీ చందూర్ ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షికతో ఏళ్ల తరబడి ప్రపంచ నవలలను పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని ఎందరో గృహిణులకు టాల్‌స్టాయ్, డికెన్స్ ఆ పేజీల్లోనే పరిచయం. సొంత అభిప్రాయాన్ని మీద రుద్దకుండా, కథ చెబుతూ, మధ్యలో ఒక్క మాటతో తన మనసు చెప్పేవారు. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణలు వచ్చిన కాలంలో తక్కువ ధరకే గట్టి అట్టల పుస్తకాలు దొరికేవి. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన గోర్కీ ‘అమ్మ’ చదివి ఉద్యమాల్లోకి వెళ్లినవాళ్లున్నారు. రాజకీయాలతో సంబంధం లేకుండా, ఆ మంచు దేశపు పల్లెల కోసమే చదివినవాళ్లూ అంతమందే ఉన్నారు.

వీటిలో తెలుగు నేల మీద లోతుగా పాతుకుపోయింది ‘ఏడు తరాలు’. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి కుదించి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తన తొలినాళ్లలో ప్రచురించింది. కుంటా కింటే ఆఫ్రికా నుంచి అమెరికాకు గొలుసులతో వెళ్లిన మనిషి. ఆ పుస్తకాన్ని ఇక్కడి దళిత పాఠకులు చదివిన తీరు వేరు. పేరు మార్చుకోనని కొరడా దెబ్బలు తిన్న కుంటాలో వాళ్లకు తమ ముత్తాతలు కనపడ్డారు. మన పేర్లు కూడా మనకు ఎవరో పెట్టినవే కదా అన్న ఆలోచన చాలామందికి అక్కడ మొదలైంది. ఎక్కడో రాసిన పుస్తకాన్ని ఇక్కడివాళ్లు తమ చరిత్రగా చదువుకోవడం కంటే అనువాదానికి కావలసింది ఏముంది?

ఆ తోవలోనే 2000లో జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ వచ్చింది. రూతు జ్ఞాపకాల గుండా ఎల్లన్న, సుభద్ర, శివయ్య, రూబేను. పాటలు, వీధి భాగోతాలు, కరువు, వలస, క్రైస్తవం, పోరాటం. దీని మీద రెండు ముఖ్యమైన అభిప్రాయాలు నేటికీ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఇది నవలగా అల్లిక కుదరని పుస్తకం, చరిత్ర మాటిమాటికీ కథను ఆపి తానే మాట్లాడుతుందన్నది ఒకటి. చరిత్రలో చోటు దొరకని మనుషుల కథ చెప్పాలంటే చరిత్రే మాట్లాడక తప్పదు, ఎల్లన్న పాటే దీని అల్లిక అన్నది రెండోది. మొదటిసారి చదివినప్పుడు నేను మొదటి పక్షంలో ఉన్నాను. ఇప్పుడు రెండో పక్షానికి దగ్గరగా జరిగాను కానీ పూర్తిగా చేరలేదు. చివరి భాగాల్లో సంఘటనలు వార్తల్లా పరుగెత్తుతాయని ఇప్పటికీ అనిపిస్తుంది. తొలి భాగంలో ఎల్లన్న చాటుగా ఆట చూసే ఘట్టం మాత్రం తెలుగు నవలలన్నిటిలోకీ గొప్ప ఘట్టాల్లో ఒకటి.

ఈ మాటలన్నీ ఎక్కడ దాచాం?

ఇంత వాదం జరిగింది, జరుగుతోంది. దీనిలో అచ్చులో దొరికేది పిసరంత. వారపత్రికలు వెలిగిన రోజుల్లో పాఠకుల ఉత్తరాలకు పేజీలు కేటాయించేవారు. ‘ఆంధ్రజ్యోతి’లో ‘అమరావతి కథలు’ వస్తున్నప్పుడు కథ చదివిన వెంటనే కార్డుముక్క రాసి పోస్టు చేసినవాళ్లకు, తమ మాట అచ్చులో కనపడటం కథ అచ్చయినంత సంబరం. వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నెలకొక నవల ఇచ్చిన ‘చతుర’, కథలిచ్చిన ‘విపుల’ 2021లో ఆగిపోయాయి. వాటితో ఆ ఉత్తరాల పేజీలూ పోయాయి.

మిగిలినవి చూడాలంటే వేటపాలెం వెళ్లాలి. 1918లో మొదలైన సారస్వత నికేతనంలో పాత పత్రికల సంపుటాలు ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. పడవల మీద పుస్తకాలు పెట్టి కాలువల వెంట ఊరూరూ తిప్పి పంచిన గ్రంథాలయోద్యమం మనది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని మనుషుల దగ్గరికి తీసుకెళ్లిన వట్టికోట ఆళ్వారుస్వామి మనవాడు. పుస్తకాన్ని పాఠకుడి దాకా చేర్చడానికి ఇంత చేసిన సమాజం, పాఠకుడి మాటను తిరిగి దాచుకోవడానికి ఏ ఏర్పాటూ చేయలేదు.

చేయడం కష్టమేమీ కాదు. ప్రతి శాఖా గ్రంథాలయంలో, పుస్తకం తిరిగి ఇచ్చే బల్ల మీద ఒక లావుపాటి నోటుపుస్తకం ఉంచాలి. పేరు రాయక్కర్లేదు. ఊరు, వయసు, చదివిన పుస్తకం, నచ్చిన చోటు, నచ్చని చోటు. ‘బాగుంది’ అని రాసి వెళ్లిపోయేవాళ్లను, ఏది బాగుందో ఇంకో వాక్యం రాయమని అడగాలి. పిల్లలను తప్పకుండా అడగాలి. మన దగ్గర పిల్లల పుస్తకాల మీద పెద్దవాళ్లే సమీక్షలు రాస్తారు, పెద్దవాళ్లే బహుమతులిస్తారు. ‘బుడుగు’ చదివి ఇప్పటి ఆరో తరగతి పిల్ల ఎక్కడ నవ్విందో, ఎక్కడ అర్థంకాక ఆగిందో ఎవరికీ తెలియదు. ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం చదివి పొట్ట పట్టుకుని నవ్విన పిల్లలు తర్వాతి భాగాల్లో ఎందుకు జారుకుంటారో వాళ్లే చెప్పాలి. మొగల్తూరు కుర్రాడు ఓడెక్కి సీమకు పోవడం, ఇవాళ డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఎలా కనపడుతుందో కూడా వాళ్లే చెప్పాలి. వాళ్ల తాతలు వచ్చిన దారి అదే.

విజయవాడలో ఏటా జనవరి మొదటి రోజుల్లో పుస్తక మహోత్సవం, హైదరాబాదులో బుక్ ఫెయిర్. రెండు చోట్లా రచయితలకు వేదికలున్నాయి, ఆవిష్కరణలున్నాయి, సంతకాలున్నాయి. వాటి పక్కనే ఇంకో చిన్న వేదిక వెయ్యాలి. రోజుకొక పుస్తకం, రచయిత ఉండకూడదు, విమర్శకుడు మాట్లాడకూడదు. చదివినవాళ్లు లేచి తమకు నచ్చిందో లేదో, ఏ పేజీ దగ్గరో చెప్పి కూర్చోవాలి. మొదటి రోజు ‘కాలాతీత వ్యక్తులు’ పెట్టండి. ఇందిరను తిట్టేవాళ్లనూ పిలవండి.